పక్క పొలంలో నీళ్లు.. మన పొలంలో దుమ్ము! బోరు ఎందుకు ఫెయిలవుతుంది?

అరచేతిలో కొబ్బరికాయ పెట్టి పాయింట్ చూపించారు. బోర్ బండి వచ్చింది. 600 అడుగులు దిగినా తెల్ల దుమ్మే. యాభై గజాల అవతల పక్కాయన బోరు మాత్రం రెండించుల నీళ్లు పోస్తోంది. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో ఏటా వినే కథే ఇది. కారణం అదృష్టం కాదు.. కింద ఉన్న రాయి.

భూమి అడుగున నది పారుతుందని చాలామంది అనుకుంటారు. కృష్ణా, గోదావరి డెల్టాలో కింద ఇసుక, ఒండ్రు పొరలుంటాయి. రేణువుల సందుల్లో నీళ్లు నిండి ఉంటాయి కాబట్టి చాలాచోట్ల బోరు పడుతుంది. సముద్రం దగ్గర ఉప్పునీళ్లు తగలడం వేరే తలనొప్పి అనుకోండి! తెలంగాణలో ఎక్కువ భాగం, అనంతపురం, చిత్తూరు వైపు కింద ఉన్నది గ్రానైట్ లాంటి గట్టి రాయి. అందులో నీళ్లు నిలవడానికి చోటే ఉండదు.

మరి బోరులోకి నీళ్లెక్కడివి? పైమట్టి కింద మొరం పొర ఉంటుంది. లక్షల ఏళ్లు ఎండకు, వానకు రాయి మెత్తబడి ఏర్పడింది. చాలాచోట్ల 20 మీటర్లు, అటూఇటూ. అసలు ట్యాంక్ ఇదే. దాని కింద రాయిలో అక్కడక్కడా పగుళ్లుంటాయి. ఇవి పైపుల్లా పనిచేస్తాయి. బోరుకు పగులు తగిలితే మొరంలోని నీళ్లు దాని గుండా వస్తాయి. పక్కాయనకు తగిలింది, మీకు తగల్లేదు.. అంతే తేడా. మీ బోరుకు కేసింగ్ ఎన్ని అడుగులు దించారో గుర్తుందా? మామూలుగా గట్టి రాయి తగిలే వరకే దించుతారు. అంటే మీ ట్యాంక్ లోతు ఇంచుమించు అంతే.

లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అయినా అడుగుకింత అని అప్పు తెచ్చి వెయ్యి అడుగులు వేయించేవాళ్లున్నారు. అక్కడ నీళ్లు పడినా, పైనుంచి మళ్లీ నిండకపోతే కొన్నాళ్లకే ఆగిపోతాయి.

నిండటం కూడా తేలిక కాదు. గ్రానైట్ నేలల్లో కురిసిన వానలో ఇంకేది దాదాపు పదో వంతే. మిగతాది ఆవిరవుతుంది, మొక్కలు తాగుతాయి, వాగుల్లో పోతుంది. ఆ పోయేదాన్ని ఆపడానికే చెరువులు. కాకతీయుల కాలం నాటి రామప్ప, పాకాల చెరువులు ఇప్పటికీ నిండుతున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసింది కూడా ఇందుకే. చెరువు నిండితే కట్ట కింద బావుల్లో ఊట పెరుగుతుంది. అయితే అందరి బోర్లూ ఆ ఒక్క మొరం నుంచే తోడుతుంటే.. మీ కొత్త బోరు కొత్త నీళ్లేమీ తేదు, పక్కాయన వాటాలోంచే తెస్తుంది.

ఇంకో మాట. వార్తల్లో 'భూగర్భ జలమట్టం 8 నుంచి 11 మీటర్లకు' అని కనిపిస్తే పెరిగిందనుకోవద్దు. ఆ లెక్క నేల పైనుంచి కిందికి. నీళ్లు ఇంకో 3 మీటర్లు లోతుకు దిగిపోయాయని అర్థం.