తలుపుకు మెరుపు.. తనువుకు మేలు!

ఒకే గింజ. దాని నూనె తలుపు మీద రాస్తే ఎండి పొర కడుతుంది. ఆ గింజనే పొడి కొట్టి అన్నంలో కలుపుకుంటే గుండెకు మంచిదంటారు. అవిసె గింజల్లోని ఈ చిత్రానికి మూలం... కంటికి కనిపించని జన్యువులే!

తెల్లవారకముందే గోదావరిఖని కార్మిక కాలనీల్లో వంటింటి లైట్లు వెలుగుతాయి. ఫస్ట్ షిఫ్టుకు వెళ్లే మనిషికి టిఫిన్ సర్దాలి కదా! కందిపొడి, పల్లీల పొడి పక్కన ఇప్పుడు చాలా ఇళ్లలో అవిసె గింజల పొడి డబ్బా కూడా చేరింది. బీపీ, షుగరు ఉన్నవాళ్లుంటే మరీనూ. అదే ఊళ్లో పెయింట్ల దుకాణంలో లిన్‌సీడ్ ఆయిల్ అడిగితే వడ్రంగులు తలుపులకు పూసే నూనె ఇస్తారు. అదీ ఈ గింజలదే! (పూలు, ఆకులు కూర వండుకునే అవిసె చెట్టు మాత్రం వేరు.)

మూడో మెట్టులో ఉంది కిటుకు

నూనెగింజల మొక్క ముందు ఓలిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఫ్యాడ్-2 అనే జన్యువు దాన్ని లినోలిక్ ఆమ్లంగా, అంటే ఒమేగా-6గా మారుస్తుంది. ఫ్యాడ్-3 మరో మెట్టు ఎక్కించి లినోలెనిక్ ఆమ్లం చేస్తుంది. అదే ఒమేగా-3. మన ఒంటికి కావాలి, కానీ ఒళ్లు తయారుచేసుకోలేదు. మెట్టు ఎక్కినకొద్దీ నూనె గాలిలోని ఆక్సిజన్‌కు తేలిగ్గా చిక్కుతుంది. అవిసె నూనెలో దాదాపు సగం మూడో మెట్టుదే. అందుకే తలుపు మీద పొర కడుతుంది, వంటింట్లో తొందరగా పాడవుతుంది.

పదహారింట ఒకటి!

మరి అవిసె నూనెతో వేపుళ్లు చేసుకోలేమా? 1980ల్లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త అలన్ గ్రీన్ ఈ చిక్కు విప్పారు. విత్తనాలను రసాయనంతో శుద్ధి చేసి పెంచితే, లినోలెనిక్ తగ్గిన మొక్కలు రెండు దొరికాయి. ఒక్కోదానిలో ఒక్కో జన్యువు దెబ్బతింది. రెండింటినీ సంకరం చేస్తే రెండోతరంలో సగటున పదహారు మొక్కలకు ఒకదానిలో రెండు జన్యువులూ పూర్తిగా మూగబోయాయి. లినోలెనిక్ 2 శాతానికి పడిపోయింది! మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన టీఎల్-99 రకంలోనూ ఇది 5 శాతం లోపే.

మన పటాన్‌చెరులో...

ఇలాంటి విద్యే వేరుశనగ మీదా పనిచేసింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన గిర్నార్-4, గిర్నార్-5 రకాలు 2020లో రైతులకు అందాయి. మామూలు పల్లీ నూనెలో సగం దాకా ఉండే ఓలిక్ ఆమ్లం వీటిలో 80 శాతానికి చేరువైంది. మూగబోయింది ఇక్కడ ఫ్యాడ్-2. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరమే. కాకపోతే కోరుకున్న జన్యువున్న మొక్కను డీఎన్‌ఏ పరీక్షతో ముందే పట్టుకోవచ్చు. లాభమా? పల్లీలు, నూనె ఎక్కువకాలం నిల్వ ఉంటాయి.

వంటింట్లో ఏం చేయాలి?

పెయింట్ల దుకాణంలోని లిన్‌సీడ్ ఆయిల్ నోట్లో పెట్టుకోకూడదు. త్వరగా ఆరడానికి అందులో లోహ లవణాలు కలుపుతారు. తినడానికి గింజలే కొనుక్కోండి. నమలకుండా మింగితే అలాగే బయటికి పోతాయి కనుక దోరగా వేయించి పొడి కొట్టుకోవాలి. నెలకు సరిపడా ఒకేసారి వద్దు, వారానికి సరిపడా చాలు. మూత బిగించిన డబ్బాలో, చల్లని చోట ఉంచాలి. వాసన మారితే పారేయాలి. డాక్టరిచ్చిన బీపీ మాత్ర మాత్రం మానకూడదు. పొడి దానికి తోడే కానీ, బదులు కాదు!