బ్రేకుల వేడిమి - కొండదారి ప్రయాణము



శివరాత్రి వచ్చినచో పాలమూరు, నల్లగొండ సీమల నుండి ఎన్నియో బండ్లు శ్రీశైలమునకు సాగును. డిండి, మన్ననూరు దాటి, నల్లమల అడవిలో దోమలపెంట, ఈగలపెంటల మీదుగా పోవు ఆ దారి వంపులు తిరుగుచు కృష్ణ ఒడ్డునకు దిగును. ఆ దిగుడులో బండెడు ప్రాణములు బ్రేకును నమ్ముకొని యుండును. ఆ బ్రేకు ఏల వేడెక్కునో, వేడెక్కినపుడు ఏమి చేయవలెనో నేడు మనవి చేసెదను.

బావిలోనికి జారిపోవు చేదత్రాటిని అరచేత బిగించి ఆపిన వారికి చేయి కాలుట తెలియును. బ్రేకు పనియు అట్టిదే. చక్రముతో తిరుగు ఇనుప డిస్కును ప్యాడ్లు ఒరసి పట్టగా బండి వేగము వేడిగా మారును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు 1200 కిలోల కారును ఒకమారు ఆపినచో పుట్టు వేడి, అర లీటరు చన్నీటిని మరుగు స్థితికి తెచ్చుటకు చాలును. అదే కారు 300 మీటర్ల ఎత్తు నుండి కేవలము బ్రేకు మీదనే దిగినచో, ఆ వేడి 10 లీటర్ల నీటికి సరిపోవును. బరువు రెట్టింపైనచో వేడియు రెట్టింపగును. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో లోయలో పడిన బస్సునందు నూరుమందికి పైగా ఉండిరి. అరువదిమందికి పైగా మరణించిరి. దిగుడుదారిలో బరువనగా ఏమో ఈ లెక్క వలన గ్రహింపవచ్చును.

వేడి మితిమీరినచో రెండు విధముల కీడు కలుగును. మొదటిది, ప్యాడ్లు పట్టు తప్పును. పెడలు గట్టిగానే యుండును గాని బండి నిలువదు. రెండవది, బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరియగును; అప్పుడు పెడలు మెత్తబడి అడుగునకు దిగిపోవును. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చును. డాట్ 4 అను రకము క్రొత్తగా నున్నపుడు 230 డిగ్రీల వరకు మరుగకుండవలెను. తేమ చేరిన పిదప 155 డిగ్రీలకే మరుగవచ్చును. కావుననే రెండేండ్లకొకమారు దానిని మార్పించుట మేలు.

పందెపు బాటపై కార్లు నడుపువారికిని ఈ చిక్కే కలదు. వారు ప్రతి మలుపునకు ముందు గట్టిగా బ్రేకు వేయుదురు. కావున కడపటి చుట్టును మెల్లగా, బ్రేకు తాకీతాకకుండ నడిపి, గాలిచే దానిని చల్లార్తురు. ఆపిన పిదప హ్యాండు బ్రేకు లాగరు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ పందెమునందు విద్యుత్ కార్లు పరుగిడెను. వాటి మోటారే వేగమును కొంత విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి చేర్చును. బ్రేకు బరువు అంతమేరకు తగ్గును. మన పెట్రోలు, డీజిలు బండ్లలో ఆ బరువును పంచుకొనునది ఇంజను.

కావున దిగుడు మొదలు కాకమునుపే చిన్న గేరులో వేయవలెను. ఏ గేరున ఎక్కుదుమో ఆ గేరుననే దిగుట మంచిది. పెడలుపై కాలు మోపియే యుంచరాదు. గట్టిగా నొక్కి వేగము తగ్గించి, వెంటనే వదలవలెను. ఆయిల్ మిగులునని ఇంజను ఆపి జారవిడుచుట ప్రాణాపాయము. అట్లు చేసిన బ్రేకునకు ఇంజనిచ్చు సాయము పోవును.

మాడువాసన వచ్చినచో చోటు చూచి బండిని నిలిపి, గేరులో నుంచి, చక్రములకు రాళ్లడ్డు పెట్టి, చల్లారువరకు వేచియుండవలెను. నీళ్లు చల్లరాదు, కాలిన ఇనుము పగులవచ్చును. దారిలోనే పెడలు దిగిపోయినచో వడివడిగా పలుమారులు నొక్కుచు, ఒక్కొక్క గేరుగా తగ్గించుచు, హ్యాండు బ్రేకును కొద్దికొద్దిగా లాగుచు, లోయవైపు గాక కొండవైపునకు బండిని ఒరయనీయవలెను.

ఊరిబండి యాత్రకు కదలునపుడు డ్రైవరుతో మాటాడదగినవారు పెద్దలే. బ్రేకు ఆయిల్ ఎన్నడు మార్చితివి, జనమును మితిమీరి ఎక్కించితివా, దిగుడులో ఏ గేరు వేసెదవు అని అడుగుడు. వాడు మీ మనుమడైనను మొగమోటపడకుడు. వాసన వచ్చినచో అరగంట ఆగుమనుడు.