ఖగోళ దత్తాంశ నిధులలో అన్వేషణ: 1868 గుంటూరు సూర్యగ్రహణం ఉదాహరణగా

కీలకపదాలు: ఖగోళ దత్తాంశ నిధి, సూర్యగ్రహణం, గుంటూరు, కాలనిర్ణయం, శాసనాలు.

1. ఉపోద్ఘాతం

శాసనాలలోని గ్రహణ ప్రస్తావనలను, విజ్ఞానశాస్త్ర చరిత్రను పరిశీలించే తెలుగు పరిశోధకులకు అంతర్జాలంలోని ఖగోళ దత్తాంశ నిధులు విలువైన ఆకరాలు. అయితే ఒక్కొక్క నిధి ఒక్కొక్క రకమైన ప్రశ్న కోసం రూపొందింది. పరిశోధకులు తమ ప్రశ్నను ఆ నిధి పాటించే పేర్లు, తేదీలు, స్థలాల సంప్రదాయంలోకి మార్చుకోవలసి ఉంటుంది. లేనిపక్షంలో ‘ఫలితాలు లేవు’ అన్న సందేశాన్ని ‘ఆధారం లేదు’ అని పొరబడే ప్రమాదం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఏ ప్రశ్నకు ఏ నిధి?

ఆ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఆంగ్లేయుడైన టెన్నెంట్ గుంటూరు నుంచి, మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నం నుంచి పరిశీలించారు. సూర్యుని అంచున కనిపించే జ్వాలలను గ్రహణం లేనప్పుడు కూడా వర్ణపటదర్శినితో చూడవచ్చునని జాన్సెన్ గుంటూరులోనే నిరూపించాడు.

గ్రహణ వివరాలకు నాసా వారి ఐదు సహస్రాబ్దాల గ్రహణ పట్టికను చూడాలి. అందులో 11,898 సూర్యగ్రహణాలు ఉన్నాయి. 1868 గ్రహణంలో సంపూర్ణ దశ గరిష్ఠంగా 6 నిమిషాల 47 సెకన్లు అని ఆ పట్టిక తెలుపుతుంది. గుంటూరు ఆకాశంలో సూర్యుడు ఆ సమయాన ఎంత ఎత్తులో ఉన్నాడో తెలుసుకోవడానికి హొరైజన్స్ అనే గణన వ్యవస్థ ఉంది. అక్షాంశ రేఖాంశాలను, సమయాన్ని ఇస్తే అది లెక్కించి చూపుతుంది. నాటి నివేదికలకు, వ్యాసాలకు ఆస్ట్రోఫిజిక్స్ డేటా సిస్టమ్‌ను ఆశ్రయించాలి. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ కేంద్రం నిర్వహించే సింబాడ్ సౌరకుటుంబానికి వెలుపలి జ్యోతులకు పరిమితం. కనుక ఈ అంశానికి అది ఉపకరించదు.

3. అన్వేషణలో ఎదురయ్యే చిక్కులు

మొదటిది పేరు. నాటి ఆంగ్ల రచనలలో గుంటూరు ‘గుంటూర్’ అని, నేటికి భిన్నమైన వర్ణక్రమంతో, రెండు ‘ఓ’ అక్షరాలతో కనిపిస్తుంది. మచిలీపట్నం ‘మసులిపటం’. నేటి పేర్లతో మాత్రమే వెదికితే నాటి రచనలు దొరకవు. పాత వ్యాసాలకు సాధారణంగా సంగ్రహం ఉండదు. కాబట్టి రచయిత పేరుతోను, సంవత్సరాల పరిధితోను వెదకడం మేలు.

రెండవది తేదీ. టెన్నెంట్ నివేదిక శీర్షికలో ‘ఆగస్టు 17-18’ అని ఉంటుంది. 1925కు పూర్వం ఖగోళ దినం మధ్యాహ్నం మొదలయ్యేది. అందువల్ల లౌకిక గణనలో 18వ తేదీ ఉదయం జరిగిన గ్రహణం ఖగోళ గణనలో 17వ తేదీకే చెందుతుంది. ఇది తెలియకపోతే రెండు ఆధారాల మధ్య లేని వైరుధ్యం ఉన్నట్లు తోస్తుంది.

మూడవది సమయం. హొరైజన్స్ పరిశీలక పట్టికలు సాధారణంగా సార్వత్రిక సమయాన్ని వాడతాయి. గుంటూరు స్థానిక సమయం దానికంటే సుమారు 5 గంటల 22 నిమిషాలు ముందుంటుంది. భారత ప్రామాణిక సమయం అప్పటికి లేదు.

4. శాసన పరిశోధనకు అన్వయం

శాసనాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. గ్రహణ పట్టికలో 1582 అక్టోబరు సంస్కరణకు పూర్వపు తేదీలు జూలియన్ గణనను అనుసరిస్తాయి. శాసనంలోని శకవర్షం గతవర్షమా, వర్తమానవర్షమా అన్నదానిపై ఒక ఏడాది తేడా వస్తుంది. పట్టికలో గ్రహణం కనిపించినంత మాత్రాన అది శాసనం ఉన్న ప్రాంతంలో కనిపించిందని చెప్పలేము. తిథి, వారం, మాసం కూడా కుదిరితేనే కాలనిర్ణయానికి బలం చేకూరుతుంది. అయినా శాసనం ప్రామాణికతను గ్రహణం ఒక్కటే నిరూపించజాలదు.

5. ముగింపు

దత్తాంశ నిధి అడిగినదానికే సమాధానం ఇస్తుంది. అడిగిన తీరులోని దోషాన్ని అది చెప్పదు. అందువల్ల వాడిన నిధి పేరు, వెదికిన పదాలు, వెదికిన తేదీ, ఎంచుకున్న కాలగణనలను సిద్ధాంతగ్రంథంలో నమోదు చేయడం అవసరం. అప్పుడే మరొక పరిశోధకుడు అదే దారిలో వెళ్ళి ఆ నిర్ధారణను పరీక్షించగలడు.