గడ్డి కోసే బండి మొరాయించినప్పుడు

యంత్రం మొరాయించినప్పుడు మనలో అధికులు మూడు పనులు చేస్తారు. మొదట దానిని తిడతారు. తరువాత దానిని చివరిసారి ముట్టుకున్నవానిని తిడతారు. ఆ రెండింటి వల్లా ఫలితం లేకపోతే బజారుకు వెళ్ళి కొత్త బ్యాటరీ కొని తెస్తారు. 2024 ఆగస్టులో మా కళాశాల క్రీడామైదానంలోని గడ్డికోత బండి విషయంలో ఈ మూడూ వరుస తప్పకుండా జరిగినవి. తెలుగు పాఠాలు చెప్పుకునే మాకు ఇంజనుతో ఏమి పని అని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. మా తండ్రిగారు కె.సి. కాలువ దాపున ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు నడిపినవారు. ఎం.ఏ. చదివే రోజులలో సైతం సెలవులు వస్తే మా చేతికి పుస్తకం కంటె పానా ముందు దొరికేది. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆ బండిని దగ్గరనుండి చూడని విద్యార్థులు ఉండవచ్చును. చూపునకు చిన్న ట్రాక్టరు వలె ఉంటుంది. ముందు భాగాన ఒక్క సిలిండరు గల పెట్రోలు ఇంజను, వెనుక కూర్చునే ఆసనం, మధ్యలో నేలకు దగ్గరగా బోర్లించిన రేకు పళ్ళెం, ఆ పళ్ళెం అడుగున తిరిగే రెండు కత్తులు. 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, ఉన్నిబట్ట మీది నూగును కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూచి మొదటి గడ్డికోత యంత్రం చేశాడని చెబుతారు. దానిని మనిషి తోసుకుంటూ నడవవలసి ఉండేది. మనిషి దాని మీదకెక్కి కూర్చోవడం తరువాతి కాలపు సంగతి. ఈ కూర్చోవడమే మా కథకు కీలకం కనుక ముందుగా చెప్పి ఉంచుతున్నాము.

మార్చి నెలాఖరున షెడ్డులో పెట్టిన బండిని ఆగస్టు మొదటి వారంలో బయటికి తీశారు. వానలకు మైదానంలో గడ్డి మోకాలి ఎత్తు పెరిగి ఉన్నది; పదిహేనో తేదీన జెండా వందనం. తాళం త్రిప్పితే బండిలో చడీచప్పుడూ లేదు. కొత్త బ్యాటరీ వచ్చినది, మౌనం చెదరలేదు. స్కూటర్లు బాగుచేసే మిస్త్రీ ఒకరు వచ్చి కార్బురేటరు విప్పి, కడిగి, బిగించి, తన కూలి తాను తీసుకుని వెళ్ళినాడు. మౌనం మౌనంగానే ఉన్నది. ఇక మిగిలినది మనిషి. మాలీ చాచా బండిని పాడుచేశాడనీ, పెట్రోలులో ఏదో కలిపాడనీ కార్యాలయ వరండాలో మాట పుట్టినది. బండిని పాత ఇనుము క్రింద అమ్మివేయడం, మాలీని మార్చడం, ఈ రెండు ప్రతిపాదనలూ ఒకే కాగితం మీద సంఘం సమావేశానికి వెళ్ళబోతున్నవని తెలిసి, ఒక్క సాయంత్రం గడువు ఇమ్మని కార్యదర్శి గారిని అడిగినాము.

మా తండ్రిగారికి ఒక అలవాటు ఉండేది. ఇంజను చెడినదని రైతు పరుగున వస్తే ఆయన పానా ముట్టుకునేవారు కారు. రైతును బల్ల మీద కూర్చోబెట్టి, "ఎట్లా ఆగింది? దమ్ము పోయి దగ్గి దగ్గి ఆగిందా, గొంతు నులిమినట్టు చటుక్కున ఆగిందా?" అని అడిగేవారు. ఆ జవాబులోనే సగం మరమ్మతు అయిపోయేది. పెట్రోలు ఇంజనులకు ఈ ప్రశ్న మరింత చక్కగా సరిపోతుంది. ఇంధనం అందనిది దగ్గి ఆగుతుంది. నిప్పురవ్వ తెగినది చటుక్కున ఆగుతుంది.

"స్టార్టు కావడం లేదు" అనే మాట ఒక్కటే అయినా దాని వెనుక మూడు వేరు వేరు స్థితులు ఉన్నవి. తాళం త్రిప్పితే ఏమీ వినిపించకపోవడం ఒకటి. 'టిక్కు'మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకోవడం రెండవది. ఇంజను గిరగిర తిరిగి కూడా అందుకోకపోవడం మూడవది. వీటిని కలగలిపినవాడు కార్బురేటరు విప్పుతాడు. ఇంజనును తిప్పవలసిన సెల్ఫు మోటారే కదలనప్పుడు కార్బురేటరు నిర్దోషి. దాని వంతు ఇంకా రానే లేదు గదా! మిస్త్రీ గారి కూలి ఆ విధంగా వృథా అయినది.

'టిక్కు' శబ్దం వస్తే అనుమానం ముందు బ్యాటరీ మీదికి, దాని కొనలకు పట్టిన తెల్లని చిలుము మీదికి, వదులైన ఎర్తు తీగ మీదికి పోవలెను. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిలకడ మీద సుమారు 12.6 వోల్టులు చూపుతుంది; 12కు దిగితే అది దాదాపు ఖాళీ అయినట్లే. మీటరు లేనివారికి బండి దీపమే మీటరు. దీపం వెలిగించి తాళం త్రిప్పవలెను. దీపం కొడిగట్టితే బ్యాటరీలోనో, కొనల బిగింపులోనో బలం లేదు. దీపం చెక్కుచెదరకుండా వెలుగుతూ ఉండి సెల్ఫు పలకకపోతే, బ్యాటరీలో బలం ఉన్నది గాని అది సెల్ఫు దాకా వెళ్ళడం లేదు, దారిలో ఎక్కడో తలుపు మూసి ఉన్నదన్న మాట.

మా బండి దీపం చెక్కుచెదరలేదు. పాత బ్యాటరీని ఛార్జి చేయించి తగిలించి చూచినా అంతే. అంటే కొత్త బ్యాటరీ కొనవలసిన అవసరమే లేదు.

మూసి ఉన్న ఆ తలుపు ఏది? ఫ్యూజు ఒకటి కావచ్చును. మాది బాగానే ఉన్నది. ఈ తరహా బండ్లలో చాలామంది ఎరుగని తలుపులు మరి కొన్ని ఉంటవి. బ్రేకు పెడలు పూర్తిగా తొక్కి ఉంటే తప్ప, కత్తులను తిప్పే మీట విడిచి ఉంటే తప్ప, సెల్ఫుకు కరెంటు పోనీయని చిన్న చిన్న స్విచ్చులు అవి. బండి స్టార్టు కాగానే ముందుకు దూకకుండా, కత్తులు తిరగకుండా చేసిన కట్టడి అది. కాబట్టి కదలని బండి చెడిపోయిన బండి కానక్కరలేదు. చెప్పినట్లు వింటున్న బండి కూడా కావచ్చును.

పెడలు క్రింద టార్చిలైటు వేసి చూచినాము. నాలుగు నెలలకు పైగా షెడ్డులో ఉన్న కాలంలో ఎలుక ఒకటి ఎండుగడ్డి, గోనెపీచు, మా పరీక్షల విభాగానికి చెందినట్లు తోచే కాగితం ముక్కలు పోగుచేసి అక్కడ సంసారం పెట్టుకున్నది. పెడలు పూర్తిగా దిగడం లేదు. రెండు వేళ్ళ మందం మిగిలిపోతున్నది. గూడు తీసివేసి, స్విచ్చు తుడిచి, ఎలుకలు తీగలు కొరకలేదు గదా అని చివరి వరకు తడిమి చూచి, పెడలు తొక్కి తాళం త్రిప్పగా సెల్ఫు తిరిగినది. చుట్టూ చేరిన విద్యార్థులు చప్పట్లు కొట్టినారు. అవి తొందరపాటు చప్పట్లు. ఇంజను తిరిగినది గాని అందుకోలేదు.

ఇప్పుడు మాత్రమే పెట్రోలు సంగతి, నిప్పురవ్వ సంగతి చూడవలెను. తాళం పదే పదే త్రిప్పి సెల్ఫును వేధించడం కంటె ప్లగ్గు విప్పి చూడడం మేలు. ప్లగ్గు కొన తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నది, నిప్పు రావడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ప్లగ్గును తీగకు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజను మీద ఆనించి సెల్ఫు తిప్పితే నీలి రవ్వ కనబడవలెను. అయితే అంతకు ముందు ఒలికిన పెట్రోలు తుడిచి, ఆవిరి పోయేదాకా ఆగి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకుని ఈ పని చేయవలెను. ఇక్కడొక విశేషం ఉన్నది. ఇటువంటి చిన్న ఇంజనులలో చాలావాటికి నిప్పురవ్వ బ్యాటరీ నుండి రాదు. చక్రానికి పొదిగిన అయస్కాంతం తీగచుట్ట ప్రక్కగా దూసుకుపోయినప్పుడల్లా పుడుతుంది. ఇంజనును ఆపదలచినప్పుడు ఆ తీగచుట్టను ఇనుపచట్రానికి కలిపి ఎర్తు చేస్తారు. కాబట్టి పైతొడుగు ఒరిసిపోయిన తీగ ఒకటి చట్రానికి తగిలినా చాలు, ఇంజను నిప్పు ఆరిపోతుంది.

మాకు నీలి రవ్వ కనబడినది. ప్లగ్గు మాత్రం పొడిగా ఉన్నది. గొట్టం విప్పి సీసాలోనికి కొంచెం పెట్రోలు పట్టగా, అది రెండు పొరలుగా తేరినది. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉండి, తేమ మితిమీరితే నీరూ ఇథనాలూ కలిసి వేరుపడి టాంకీ అడుగుకు దిగుతవి. ఇంజనుకు పోయే గొట్టం నోరు ఉండేది అడుగునే! రోజూ నడిచే స్కూటరుకు ఈ బెడద లేదు, వచ్చిన పెట్రోలు వచ్చినట్లే ఖర్చవుతుంది. బండిని షెడ్డులో పెట్టే ముందు టాంకీ ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలినది కూడా కాలిపోయేదాకా ఇంజనును నడిపి ఆపి ఉంటే ఈ తంటా ఉండేది కాదు. చాచా పెట్రోలులో కలిపినదేమీ లేదు. కలిపినది కాలమే.

మురిగిన పెట్రోలు పారబోసి, గొట్టం కడిగి, మిస్త్రీ గారు శుభ్రం చేసి వెళ్ళిన తరువాత మా బ్యాటరీ ప్రయోగాలలో మళ్ళీ నిండిన కార్బురేటరు గిన్నెను మళ్ళీ విప్పి తుడిచి, తాజా పెట్రోలు పోసి, చోకు లాగి తాళం త్రిప్పినాము. ఇంజను అందుకున్నది. గాలి వడపోత దుమ్ము దులపడం, కుదింపు బలం చూడడం వంటివి మాకు అవసరపడలేదు.

అయినా కథ ముగియలేదు. చాచా ఆసనం మీద కూర్చుని పెడలు మీది కాలు తీయగానే ఇంజను చటుక్కున ఆగినది. మళ్ళీ స్టార్టు చేసినాము, మళ్ళీ ఆగినది. దగ్గలేదు, ఆయాసపడలేదు. గొంతు నులిమినట్లు ఆగినది. "జనవరి నుంచి చెప్తాండా సాబ్. గుంతలో చక్రం ఎగిరితే చాలు, ఆగిపోతాంది. నీకు నడపడం రాదు పో అన్నారు" అని చాచా తల వంచుకున్నాడు. మా బి.కాం. విద్యార్థులలో ఖోఖో ఆడలేనంత స్థూలకాయుడొకడున్నాడు. కత్తులు విడిచి ఉంచి అతనిని కూర్చోబెట్టినాము. పెడలు వదలినా ఇంజను నిక్షేపంగా నడిచినది. చాచా కూర్చుంటే ఆగినది. యంత్రం మనుషులను తూకం వేస్తున్నదన్న మాట.

ఆసనం క్రింద కూడా ఒక స్విచ్చు ఉంటుంది. మీద మనిషి లేడని తోచితే అది నిప్పురవ్వను ఆపుతుంది. మా బండిలో ఆసనపు స్ప్రింగు తుప్పుపట్టి బిగుసుకుపోయినది. స్విచ్చు బిగింపు వదులై క్రిందికి జారినది. బక్కపలచని చాచా బరువుకు ఆసనం స్విచ్చు దాకా దిగడం లేదు. ఎనిమిది నెలలుగా ఆయన మీద మోపిన నేరమల్లా ఆయన సన్నగా ఉండడమే.

"ఆ స్విచ్చు తీసేసి తీగలు కలిపేస్తే పోతుంది గదా సార్" అని ఒక విద్యార్థి అన్నాడు. పోతుంది. బజారులో చాలామంది అదే చేస్తారు. కాని ఆ పళ్ళెం అడుగు కత్తుల సంగతి ఒకసారి లెక్క వేయండి. 21 అంగుళాల కత్తి నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొన వేగం గంటకు సుమారు 300 కిలోమీటర్లు అవుతుంది. గుంతలో ఎగిరి మనిషి జారిపడినప్పుడు ఆ కత్తిని ఆపడానికి అక్కడ ఉన్నది ఆ స్విచ్చు ఒక్కటే. అమెరికాలో తోసుకుంటూ నడిపే యంత్రాలకు సైతం, పిడి విడిచిన 3 సెకనులలో కత్తి నిలిచిపోవలెనని 1982 నుండి నియమం అమలులో ఉన్నది. స్విచ్చును తొలగించి బండిని చాచాకు అప్పగించడం కంటె పాత ఇనుముకు అమ్మడమే నయమని ఆ విద్యార్థికి చెప్పినాము. పరీక్ష కోసం తీగలు కలిపి చూచినా ఇంజను ఆపి, కత్తులు విడిచి, చూడడం కాగానే ఊడదీయవలెను. పళ్ళెం క్రింద చేయి పెట్టేముందు ప్లగ్గు తీగ పీకి ప్రక్కన పెట్టడం మరువరాదు.

స్ప్రింగుకు తుప్పు గీకి నూనె వేసి, స్విచ్చును పైకి జరిపి బిగించినాము. పదమూడో తేదీన చాచా ఉదయం నుండి మధ్యాహ్నం దాకా మైదానమంతా కోశాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. బండి అమ్మకపు కాగితం, దానితోపాటే రెండవ ప్రతిపాదన, సమావేశానికి వెళ్ళలేదు. కొత్త బ్యాటరీని దుకాణంవారు వెనక్కు తీసుకోలేదు కనుక అది ఇప్పుడు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉన్నది.

సంఘం వారు మా విన్నపం మన్నించి షెడ్డు గోడకు ఒక నోటుపుస్తకం వ్రేలాడదీయించినారు. చాచా ఉర్దూలో చెబుతాడు. ఆ పూట మైదానంలో ఉన్న విద్యార్థి ఎవరైనా తెలుగులోనో ఉర్దూలోనో వ్రాస్తాడు. నెలకొకసారి కార్యాలయం వారు చదివి సంతకం చేస్తారు. మొదటి పుటలో ఉన్న వాక్యం ఇది: "ఎడమ వెనుక చక్రంలో గాలి తక్కువ, ఎలుక మళ్ళీ వచ్చింది."