దూరదర్శిని పీఠము: దాని ఎన్నిక, దాని తూకము

దూరదర్శినిని కొనదలచినవారు మొదట అడుగునది దాని దర్పణము ఎన్ని అంగుళములదనియు, పిమ్మట అడుగునది అది వస్తువును ఎన్ని రెట్లు పెంచి చూపుననియు. అది దేనిమీద నిలుచునని అడుగువారు మాత్రము అరుదు. అంగడివారు ఈ సంగతి చక్కగా నెరిగినవారగుటచే, పెట్టెమీద 500 రెట్లని పెద్ద అక్షరములతో అచ్చువేయించి, లోపల గాలికి వణకెడి రేకుకాళ్ళ ముక్కాలిపీటను పెట్టి అమ్ముచుందురు. ఛాయాచిత్రములు తీయుట కాక కేవలము కంటితో ఆకాశమును చూడగోరువారికి సయితము దర్పణముకంటె పీఠమే ముందుగా విచారింపదగినదని నా అభిప్రాయము. ఏలయన దర్పణము చిన్నదైనచో కనబడునవి కొన్ని తగ్గును, పీఠము చెడ్డదైనచో కనబడవలసినదియు కనబడదు.

ఇది అతిశయోక్తి కాదని తెలియుటకు చిన్న లెక్క చాలును. మీటరు పొడవుగల గొట్టము ఒక కల, అనగా డిగ్రీలో 60వ వంతు, ఒరుగుటకు దాని కొన 0.3 మిల్లీమీటరు కదలిన చాలును. ఆ మాత్రపు కదలిక స్పష్టతను సరిచేయు మరపై వ్రేలు మోపినంతనే కలుగును. శనిగ్రహ వలయములు ఈ కొననుండి ఆ కొనవరకు సుమారు 40 వికలలు మాత్రమే వెడల్పుగా కనబడును. కలకు వికలలు 60 గదా! కావున ఆ స్పర్శచే శని తన వెడల్పును మించిన దూరము ఊగులాడును. 150 రెట్లు పెంచు నేత్రకటకముగుండ చూచువానికి ఆ ఒక్క కల ఊపు రెండున్నర డిగ్రీలై, ఐదు పూర్ణచంద్రబింబములను వరుసగా పేర్చినంత విస్తారముగా తోచును. దీనికితోడు భూభ్రమణముచే ఆకాశము సెకనుకు 15 వికలల చొప్పున జరిగిపోవుచుండును. ఆ 150 రెట్ల సాధారణ నేత్రకటకమున కనబడు క్షేత్రము డిగ్రీలో మూడవవంతు మాత్రమే యగుటచే, ఒక అంచున ప్రవేశించిన గ్రహము సుమారు 80 సెకనులలో రెండవ అంచు దాటిపోవును. అనగా చూచువాడు నిమిషమునకొకసారియైన గొట్టమును తాకక తప్పదు. తాకినపుడెల్ల పుట్టు వణకు అణగుటకే పది సెకనులు పట్టునట్టి పీఠమైనచో, అతడు గ్రహమును చూచిన కాలముకంటె వణకును చూచిన కాలమే అధికమైనట్లుండును.

పీఠములలో ముఖ్యముగా రెండు జాతులు గలవు. గొట్టమును పైకిని క్రిందికిని, కుడికిని ఎడమకును త్రిప్పునది మొదటిది. ఉన్నతి, దిగంశము అను రెండు కోణములే దాని గతులు. 1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొనిన ఏడడుగుల దూరదర్శిని ఇట్టి కొయ్యపీఠము మీదిదే. రెండవది ఈక్వటోరియల్ పీఠము. ఇందు ఒక ఇరుసు భూమి ఇరుసునకు సమాంతరముగా ధ్రువమువంక చూచుచుండును గావున, భూమి ఏ వేగమున తూర్పునకు తిరుగునో అదే వేగమున ఆ యొక్క ఇరుసును పడమటికి త్రిప్పినచో నక్షత్రము దృష్టిక్షేత్రమున నిలిచిపోవును. జర్మను శిల్పియగు ఫ్రౌన్‌హోఫర్ 9.6 అంగుళముల కటకముతో నిర్మించి 1824లో డోర్పాట్ నగరమునకు, అనగా నేటి ఎస్టోనియాలోని టార్టునకు, పంపిన దూరదర్శినికి ఇట్టి పీఠమునే అమర్చి దానిని గడియారపు యంత్రముచే నడిపించెను; ఆ దూరదర్శినితోనే అచ్చటి ఖగోళజ్ఞుడగు స్ట్రూవె ఆకాశమును గాలించి, మూడువేలకు మించిన జంటనక్షత్రముల పట్టికను 1827లో ప్రకటించెను. నేడు అంగళ్ళలో దొరకు జర్మన్ ఈక్వటోరియల్ పీఠము ఆ వంశములోనిదే.

అయితే ఉత్తరదేశములందు పుట్టిన ఈ పీఠము మన అక్షాంశములకు వచ్చునప్పటికి కొన్ని చిక్కులు తెచ్చిపెట్టును. ధ్రువాక్షము క్షితిజమునుండి ఎన్ని డిగ్రీలు పైకెత్తవలెనో అది ఆ యూరి అక్షాంశమునకు సమానము. టార్టులో 58, హైదరాబాదులో 17.4, తిరుపతిలో 13.6. మన యూళ్ళలో ఇరుసు దాదాపు పరుండినట్లుండుటచే బరువు ముక్కాలిపీట నడుమను విడిచి ఉత్తరమునకు మొగ్గును. అందుచే ఒక కాలిని ఉత్తరమునకు నిలుపుట క్షేమము, కాని అట్లు నిలిపినచో ప్రతిభారమును మోయు దండము తిరుగునప్పుడు ఆ కాలినే తాకవచ్చును. కొన్ని చిన్నపీఠములు అంత క్రిందికి దిగనే దిగవు. ధ్రువనక్షత్రమో, మేడలవెనుకను చెట్లవెనుకను దాగి యుండును. భూమధ్యరేఖకు దగ్గరనుండు వేధశాలలవారు దీనికొక ఉపాయము నెరుగుదురు: తమిళనాటి కావలూరులో 2.34 మీటర్ల దర్పణముగల దూరదర్శినికి ధ్రువాక్షమును రెండు కొనలయందును మోయించిరి. హైదరాబాదు నిజామియా వేధశాల నీడలో బాల్యము గడపిన ఖగోళజ్ఞుడు వేణు బప్పు సంకల్పఫలమగు ఆ యంత్రము నేడు ఆయన పేరనే వెలయుచున్నది. మనవంటి గృహస్థులకు అట్టి వైభవము సాధ్యము కాదు.

ఇక తూకము మాట. జర్మన్ పీఠమునందు గొట్టము ధ్రువాక్షమునకు ఒక ప్రక్కన నిలుచును గాన, రెండవ ప్రక్క దండముమీద ఇనుపగుండ్లను ఎక్కింతురు. ఏతపుమ్రాను వెనుకకొనకు బరువు కట్టి ముందుకొననున్న నీళ్ళబానను తేలికపరచు రైతు ఎరిగిన సూత్రమే ఇది. బరువును దూరముచే గుణించిన ఫలము ఇరుప్రక్కల సమానము కావలయును. 5 కిలోల గొట్టము ఇరుసునకు 20 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము. ఎదుటిప్రక్క రెండున్నర కిలోల గుండును 40 సెంటీమీటర్ల దూరమున నుంచినను, 5 కిలోల గుండును 20 సెంటీమీటర్ల దూరమున నుంచినను తూకము కుదురును. కుదిరినంతమాత్రమున రెండును ఒకటేయని భ్రమపడరాదు. భ్రమణజడత్వము దూరముయొక్క వర్గమును బట్టి పెరుగును గాన, దూరపు చిన్నగుండు దగ్గరి పెద్దగుండుకంటె రెండింతల జడత్వము గలదై, ఒకసారి కదిలినదా, మెల్లగా చాలసేపు ఊగుచుండును. కావున పీఠము మోయగలిగినంతవరకు బరువైన గుండును దగ్గరగా నుంచుటయే మేలు.

తూచునప్పుడు పలువురు ఉత్త గొట్టమును తూచి, పిదప దానిపై సరంజామా నంతయు నెక్కింతురు. ఆ రాత్రి వాడబోవు నేత్రకటకము, వెలుగును ప్రక్కకు మరల్చు వాలుదర్పణము, దారిచూపు ఫైండరు, మంచు పట్టకుండ తొడుగు కవచము, ఇవి యన్నియు తమతమ తావులందుండగా, మూతిమూత తీసి, ఫోకసరును చూచునప్పుడుండు స్థితికి జరిపిన తరువాతనే తూకమునకు పూనుకొనవలయును. ఒక ఇరుసును బిగించి, గొట్టమును చేత పట్టుకొనియే రెండవదానిని వదలుచేసి, దండమును నేలకు సమాంతరముగా నిలిపి మెల్లగా చేయి సడలించినప్పుడు అది ఎటును వాలక ఉన్నచోటనే యుండవలెను; వాలినచో గుండును జరుపవలెను. పిదప ఆ ఇరుసును బిగించి, మొదటిదానిని అట్లే వదలుచేసి, గొట్టమును నేలకు సమాంతరముగా నుంచి, దానిని పట్టియున్న కంకణములలో ముందుకో వెనుకకో జరుపవలెను. ఏ ఇరుసు ముందు, ఏది వెనుక అను వాదము నాకు నిరర్థకముగా తోచును. రెండును ముగించి మొదటిదానిని మరల ఒకసారి చూచిన చాలును. మోటారుతో నడుచు పీఠమైనచో తూర్పుప్రక్కను రవంత బరువుగా నుంతురు. పండ్లచక్రముల నడుమనుండు సందు ఎప్పుడును ఒకేవైపు ఒరసికొని యుండుటకే ఈ యేర్పాటు.

చక్కగా తూగిన యంత్రము ఎంత స్వల్పశక్తికి లొంగునో తెలియగోరువారికి అమెరికాలోని పలోమర్ దూరదర్శినియే సాక్షి. 200 అంగుళముల దర్పణముతో 1948లో ప్రతిష్ఠింపబడిన ఆ యంత్రమునందు కదలెడి భాగము సుమారు 500 టన్నుల బరువు; నూనెపొరపై తేలు దానిని నక్షత్రముల వెంట త్రిప్పుటకు అశ్వశక్తిలో 12వ వంతు మోటారు చాలినది.

కంటితో చూచువారి కష్టమును తీర్చినవాడు మాత్రము వేధశాలలకు చెందినవాడు కాడు. 1915లో పెకింగ్ నగరమున జన్మించిన జాన్ డాబ్సన్ రసాయనశాస్త్రము చదివి, శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంతసమాజపు మఠమున 1944లో చేరి 1967 వరకు సన్యాసిగా నుండి, ఓడల గవాక్షముల గాజును అరుగదీసి దర్పణములుగను, అట్టగొట్టములను దూరదర్శినులుగను మార్చిన విచిత్రపురుషుడు. మఠమును వీడిన పిమ్మట వీథులలో నిలిచి దారిన పోవువారికి చంద్రుని, శనిని చూపుటయే వ్రతముగా పెట్టుకొనెను. ఆయన పేర వ్యవహరింపబడు పీఠము చెక్కపెట్టె, అంతే. దానిని నడపునది టెఫ్లాన్ ముక్కలపై ఫార్మైకా ఫలకపు ఒరపిడి. ఈ జంట ప్రత్యేకత యేమనగా, నిశ్చలముగానున్న దానిని కదల్చుటకు కావలసిన బలమును, కదలుచున్న దానిని కదల్చుచునే యుండుటకు కావలసిన బలమును ఇంచుమించు సమానము. కావున త్రోసినపుడు ఒక్కుమ్మడి జారక, మానినపుడు వెనుకకు దుముకక, వ్రేలిని అనుసరించి నడచును. అది యుండవలసినది నేలమీద గావున పొడవాటి కాళ్ళ వణకును లేదు.

దీనికిని తూకపు పట్టింపు లేకపోలేదు. నూరు గ్రాముల ప్రాంతపు చిన్న నేత్రకటకమును తీసి, కిలో బరువు తూగు రెండంగుళముల విశాలకటకమును పెట్టినచో గొట్టపు మూతి నేలవంకకు క్రుంగును. ఇనుపగొట్టమైనచో తోకయొద్ద అయస్కాంతమును అంటించి సరిచేయవచ్చును. కొందరు స్ప్రింగులు తగిలింతురు. ఉన్నతి ఇరుసుయొక్క చక్రములు పెద్దవైన కొలది ఒరపిడి దూరమున పనిచేయుటచే చిన్నపాటి వ్యత్యాసమును అదియే భరించును గాన, కొనునప్పుడు పెద్దచక్రములు గలదానినే ఏరుకొనుట వివేకము. బరువైన ఫైండరునకు బదులు ఎర్రచుక్క చూపు తేలికపాటిది పెట్టినచో సగము చిక్కు తీరును.

మన యూళ్ళ డాబామీదనుండి కంటితో చూచువారికి 6 లేక 8 అంగుళముల డాబ్సన్ దూరదర్శినియే ఉత్తమమని నా నిశ్చయము. ఎనిమిదంగుళములది మొత్తముమీద సుమారు 20 కిలోలుండును గావున మెట్లెక్కించుట భారమనువారు, బలమైన సాధారణపీఠముపై 80 మిల్లీమీటర్ల కటకదూరదర్శినితో తృప్తిపడుట లెస్స. ఏదైనను, రూక చెల్లింపకముందే గొట్టమును పీఠముపై నెక్కింపుమని అంగడివానిని అడుగుడు. అరచేతితో ఒకసారి తట్టి, వణకు ఎన్ని సెకనులకు అణగునో నేత్రకటకముగుండ చూచి లెక్కింపుడు. రెండుమూడింటిలో అణగినచో కొనుడు. ఐదు దాటినచో దర్పణము ఎంత పెద్దదైనను మరియొక అంగడికి పొండు.