తుపాను పోయేదాకా పడవే ఇల్లు

కార్తీకం వెళ్లే రోజుల్లో మన హైదరాబాదులో ఉప్పల్, నాచారం మీద ఎండ మొహం కనబడకుండా రెండు రోజులు ముసురు పట్టిందంటే, చాలాసార్లు బంగాళాఖాతంలో ఏదో వాయుగుండం ఉన్నట్టే. మనకది గొడుగుతో, రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌తో, మిర్చి బజ్జీలతో తీరిపోయే వ్యవహారం. విశాఖలో, కాకినాడలో, నిజాంపట్నంలో మాత్రం వేట ఆగిపోతుంది. బోట్లు రేవులో ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని నిలబడతాయి. వాటి మీద కొందరు మనుషులు ఉండిపోతారు. ఒడ్డుకు చేరాక ఇంటికి పోక ఇంకా బోటు మీద ఏం పని అని మనబోటి మెట్టవాళ్లకు అనిపిస్తుంది. పని ఉంది. ఉండకూడని ఘడియా ఉంది.

మన సముద్రానికి చలికాలమంటే మంచు కాదు, తుపాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఈ కాలమే తెలుగు తీరానికి ఎక్కువ చేటు చేసింది. 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. 1996 నవంబరు 6న కాకినాడకు దిగువన తీరం దాటిన తుపానులో వేటకెళ్లిన వందలాది మంది తిరిగి రాలేదు. 2018 డిసెంబరులో పెథాయ్, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాన్లు తీరం దాటాయి.

విశాఖలో సోనా బోటు అనే మరబోటు మీద ఏడెనిమిది మంది ఉంటారు. ఐసు, డీజిలు, బియ్యం, మంచినీళ్లు ఎక్కించుకుని రోజుల తరబడి లోపలే వేట చేస్తారు. ఇలాంటి బోటు గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లకు మించి పోలేదు. తుపాను నడక కూడా దాదాపు అంతే. కాబట్టి దాన్ని చూశాక పారిపోదామంటే కుదరదు. తీరానికి 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోటుకు రేవు చేరడానికి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. అంత ముందే కబురు అందాలి. ఒడ్డు నుంచి కాస్త దూరం పోగానే సెల్‌ఫోన్ సిగ్నల్ పోతుంది. ఆ లోటు తీర్చడానికి 2019లో ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందించే ‘జెమిని’ అనే పరికరం వచ్చింది. దాని వెనక ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ సముద్రం ఒడ్డున లేదు, మన హైదరాబాదులోనే ప్రగతినగర్‌లో ఉంది.

ఇక రేవులో ఎగరేసే నంబర్ల సంగతి. ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని పేపర్లో చదివి, అంకె పెరిగిన కొద్దీ గాలి పెరుగుతుందనుకుంటాం. పూర్తిగా అలా కాదు. ఒకటి, రెండు నంబర్లు దూరాన ఉన్న ముప్పుకు. మూడు, నాలుగు ఈ రేవుకే రాబోయే చెడు వాతావరణానికి. అయిదు, ఆరు, ఏడు నంబర్ల దగ్గర మాత్రం తీవ్రత ఒకటే, తేడా దిక్కులో. తుపాను నడిచే దారికి రేవు ఎడమ పక్కన పడితే అయిదు, కుడి పక్కన పడితే ఆరు, తుపాను నేరుగా రేవు మీదికో పక్కనుంచో వస్తే ఏడు. మరింత తీవ్రమైన తుపానుకు ఇదే లెక్కలో ఎనిమిది, తొమ్మిది, పది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోతే పదకొండు.

కుడి ఎడమల మీద ఇంత పట్టింపు ఎందుకు? మన వైపు తుపాన్లు గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతాయి. పడమరగా వచ్చే తుపానుకు కుడివైపున, అంటే ఉత్తరాన, గాలి సముద్రం నుంచి నేల మీదికి నీటిని తోస్తుంది. ఎడమవైపున గాలి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. 1977 తుపాను చీరాల దగ్గర తీరం దాటితే ఉప్పెన ముంచింది కుడి పక్కనున్న దివిసీమను.

రేవులోని బోటుకు ఇది ప్రాణం మీది లెక్క. నీటిమట్టం పెరిగితే బోటు పైకి లేస్తుంది. కట్టు బిగుతుగా ఉంటే మోకు తెగుతుంది, లేదా బోటు ఒక పక్కకు ఒరుగుతుంది. మరీ వదులైతే పక్క బోటుకు గుద్దుకుంటుంది. అందుకే పక్కలకు పాత టైర్లు వేలాడదీసి, నీటిని చూసుకుంటూ మోకు వదలడం, లాగడం చేయాలి. వాన నీరు, అడుగున ఊరిన నీరు తోడుతుండాలి. ఎవరైనా బోటు మీద ఉండేది ఇందుకే. అసలు తుపాను మీదికి వస్తున్నప్పుడు మాత్రం ఎవరూ ఉండకూడదు. బోటు పోతే అప్పు మిగులుతుంది, మనిషి పోతే ఏమీ మిగలదు.

ఇలా ఒరుసుకుని నిలబడటంలో గాలితో సంబంధం లేని ప్రమాదం ఇంకోటుంది. వంట అక్కడే, గ్యాసు సిలిండరు అక్కడే, డీజిలు అక్కడే. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకు అంటుకుంటూ పోయి, దాదాపు నలభై బోట్లను పాడుచేశాయి. ఆ రోజు తుపానేమీ లేదు.

మరి ఇంటికి పోదామన్నా వెయ్యి మైళ్ల దూరంలో ఉన్నవాళ్ల మాటేమిటి? శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల నుంచి ఏటా వేల మంది గుజరాత్‌లోని వేరావళ్‌కు వెళ్లి అక్కడి యజమానుల బోట్ల మీద పనిచేస్తారు. ముందే అడ్వాన్సు, సీజను మొత్తానికి ఒప్పందం. బోటు పెద్దను తండేలు అంటారు. 2018 చివర్లో ఇలా వేటకెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరిలో విడుదలైన వాళ్ల కథే 2025లో ‘తండేల్’ సినిమాగా వచ్చింది. వేరావళ్ వెళ్లినవాళ్లకు అక్కడ అద్దె గది ఉండదు. వండుకునేదీ పడుకునేదీ బోటులోనే. 2017 డిసెంబరులో ఒఖీ, 2019 నవంబరులో మహా తుపాన్లు గుజరాత్ వైపు వచ్చి తీరానికి చేరేలోపే బలహీనపడ్డాయి. అలాంటప్పుడు బోట్లన్నీ రేవుకు తిరిగి రావలసిందే. వచ్చినా మనుషులు బోటు దిగి పోయే చోటు లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఇదే మరీ పచ్చిగా బయటపడింది. వేల మంది వారాల తరబడి రేవులో బోట్ల మీదే ఉండిపోయారు. ఏప్రిల్ చివర్లో బస్సుల్లో ఇళ్లకు తెచ్చారు.

ఎదురుచూపుకు డబ్బు లెక్క కూడా ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో పది వేలు, 2025లో ఇరవై వేల రూపాయలైంది. పెద్ద తుపాను వస్తే బియ్యం, సాయం ప్రకటిస్తారు. కానీ నవంబరులో ఒక వాయుగుండానికి నాలుగు రోజులు, పది రోజులకే ఇంకోదానికి మూడు రోజులు ఆగిపోతే ఆ రోజులకు నికరమైన లెక్క ఏదీ లేదు. నా ఉద్దేశంలో, హెచ్చరిక విన్నాక కూడా ఇంకొక్క వల వేసి పోదామనే తెగింపునకు మూలం మొండితనం కన్నా ఇదే ఎక్కువ.

హెచ్చరిక తీసేశాక కూడా వెంటనే బయల్దేరలేరు. గాలి తగ్గినా అలల పోటు ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఈలోగా బోటు గోదాములో ఐసు కరిగిపోతుంది, కొత్తగా కొనాలి. సగం వేటలో తిరిగొచ్చిన బోటుకు రానూపోనూ డీజిలు దండగ. వాటా పద్ధతి మీద నడిచే బోట్లలో ఈ ఖర్చంతా చేపల అమ్మకం నుంచి ముందు తీసేసి, మిగిలింది పంచుకుంటారు.