మెతూషెల వయసు చివర 9 ఎందుకుంది?

"ఆదికాండంలో మెతూషెల 969 ఏళ్లు బతికాడని ఉంది. అవి నిజానికి నెలలేమో?" అని ఒక పాఠకుడు అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే నా చెయ్యి ఊరుకోదు.

నెలల వాదం వినడానికి ముచ్చటగా ఉంటుంది. 969 చాంద్రమాసాలంటే 78 ఏళ్లు. కానీ అదే లెక్కన హనోకు 65 నెలలకే, అంటే అయిదేళ్ల ప్రాయంలో, మెతూషెలను కన్నాడనాలి! పైగా జలప్రళయ కథలో అదే గ్రంథం ఏడో నెల, పదో నెల అంటూ లెక్కపెడుతుంది. నెలకూ ఏడాదికీ తేడా రాసినవాళ్లకు బాగా తెలుసు. ప్రళయానికి ముందు ఆకాశంలో ఆవిరి కప్పు ఉండి ఆయుష్షు పెంచిందని 1961లో సృష్టివాద రచయితలు విట్‌కోంబ్, మోరిస్ రాశారు. అంత ఆవిరి నెత్తిన ఉంటే కింద భూమి ఉడికిపోదూ!

అసలు మజా చివరి అంకెల్లో ఉంది. హీబ్రూ ప్రతిలో ఆదాము నుంచి లెమెకు దాకా తొమ్మిది మందికి రెండేసి సంఖ్యలిచ్చారు: కొడుకు పుట్టేనాటి వయసు, ఆ తర్వాత బతికిన ఏళ్లు. మొత్తం ఆయుష్షు ఆ రెంటి కూడికే. ఆదాముకు 130, 800. షేతుకు 105, 807. యెరెదుకు 162, 800. ఇలా పద్దెనిమిదీ చూడండి, చివర 0, 2, 5, 7 తప్ప మరో అంకె కనబడదు. అంకెలు వాటంతటవే పడి ఉంటే ఇలా కుదిరే అవకాశం సుమారు కోటిన్నరకు ఒక్కసారి.

వయసును 0కో 5కో సర్ది చెప్పడం మన జనగణనలోనూ మామూలే. మరి 2, 7 ఎక్కడివి? హీబ్రూ పండితుడు ఉంబెర్టో కస్సూతో కిటుకు విప్పాడు. అయిదేళ్లంటే 60 నెలలు. బాబిలోనియా గణితానికి 60 పునాది. ఆ అయిదుల లెక్కకు పవిత్రమైన 7 కలిపితే చివర 2 గానీ 7 గానీ పడి తీరాలి. మెతూషెల 187 అంటే 180కి ఏడు. మిగిలిన 782 అంటే 775కి ఏడు. రెండు ఏడులూ కలిసేసరికి 969! పట్టిక మొత్తంలో 9తో ముగిసేది ఇదొక్కటే. ఎంత అందమైన లెక్క!

పొరుగున సుమేరు రాజుల జాబితా ఇంకా ఘనం. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మట్టి పట్టకం ప్రకారం ప్రళయానికి ముందు ఎనిమిది మంది 2,41,200 ఏళ్లు ఏలారు. తొలి రాజు అలులిమ్‌వి 28,800; అంటే అరవై అరవైల 3,600కు ఎనిమిది రెట్లు.

ఇవన్నీ పట్టించుకోకుండా 17వ శతాబ్దపు ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ హీబ్రూ వయసులను వరసగా కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని తేల్చాడు. గ్రీకు అనువాదపు ప్రతులు కొన్నింటిలోనైతే మెతూషెల ఓడ ఎక్కకుండానే ప్రళయం తర్వాత 14 ఏళ్లు బతుకుతాడు. ఈ చిక్కుతో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ అంతటివాడే తంటాలు పడ్డాడు. హీబ్రూలో మాత్రం మెతూషెల, లెమెకులకు కొడుకులు పుట్టేనాటి వయసులు 187, 182, ప్రళయంనాటికి లెమెకు కొడుకు వయసు 600 కలిపితే సరిగ్గా 969. ప్రళయం వచ్చిన ఏడాదే పోయాడన్నమాట.

వీటిలో దీర్ఘాయువు రహస్యం వెతికి మాత్రలమ్మేవారికి దొరికేదేమీ లేదు. జనాభా పట్టికల్లో వయసులు సర్దారేమో పసిగట్టడానికి మాత్రం చివరి అంకెల పరీక్ష పనికొస్తుంది. దాని పేరు విపుల్ సూచీ.